కంటికి ఒక టాకో

మీ ఫోన్‌లో ఒకసారి టాకో ఎమోజీ వెతకండి. సగం చందమామలా మడిచిన పసుపుపచ్చ పెంకు, అందులోంచి తొంగిచూసే ఆకుపచ్చ లెట్యూస్, ఎర్రటి టమాటా ముక్కలు. ఏ కంపెనీ ఫోనైనా దాదాపు ఇదే బొమ్మ. ఈ ఎమోజీ 2015లో వచ్చింది. అంతకు ముందు ఏడాది అమెరికన్ ఫాస్ట్‌ఫుడ్ చైన్ టాకో బెల్ ‘మాకో టాకో ఎమోజీ కావాలి’ అని ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించింది. వాళ్లు కోరినట్టే వచ్చింది, వాళ్లు అమ్మే రూపంలోనే వచ్చింది. మెక్సికో సిటీ వీధిలో నిలబడి తినే టాకో చూసినవాళ్లకి మాత్రం ఈ బొమ్మ కొంచెం వింతగా ఉంటుంది. అక్కడి టాకో మెత్తగా, అరచేతిలో పట్టేంత చిన్నగా ఉంటుంది. చేతిలో పట్టుకోగానే వాలిపోతుంది. పెంకులా నిటారుగా నిలబడదు.

ఇదంతా నాకెందుకంటే, నేను బట్టల మీద బొమ్మలు గీసి బతుకుతాను. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. ఐప్యాడ్ మీద డిజైన్ గీసి, ప్రింట్ ఆన్ డిమాండ్ సైట్లలో పెడతాను. అమెరికాలో స్పూన్‌ఫ్లవర్ అనే సైట్ 2008 నుంచి ఈ పద్ధతిని బాగా పాపులర్ చేసింది. ఎవరికైనా మన డిజైన్ నచ్చితే ఒక గజం ఆర్డర్ పెడతారు, వాళ్లే ఆ గజం ప్రింట్ చేసి పంపుతారు, మనకి కొంత కమిషన్. పెట్టుబడి లేదు, గోడౌన్ లేదు, మిగిలిపోయిన తానులూ లేవు. అందుకే ఎవరూ తానులు తానులు వేయడానికి సాహసించని బొమ్మలన్నీ ఇక్కడ గజాల లెక్కన దొరుకుతాయి.

అలాంటి వాటిలో టాకోలది పెద్ద సామ్రాజ్యం. స్క్రోల్ చేస్తూ పోతే తరగదు. నవ్వే టాకోలు, కళ్లజోడు పెట్టుకున్న టాకోలు, టాకో తినే డైనోసార్లు, టాకో తినే డ్రాగన్లు, పుర్రెల మధ్య టాకోలు, క్రిస్మస్ చెట్టుకి వేలాడే టాకోలు. అన్నిటికంటే ఎక్కువ కనిపించేది టాకో పిల్లి. ఒళ్లంతా టాకో, తల తోక పిల్లివి. ఎందుకీ పిల్లి అంటే, ఇంగ్లీషులో ‘టాకోక్యాట్’ అని రాసి వెనక నుంచి చదివినా టాకోక్యాటే. మన ‘వికటకవి’ లాగా అన్నమాట. తెనాలి రామకృష్ణుడికి కాళికాదేవి ఇచ్చిన బిరుదు మనకుంటే, వీళ్లకి పిల్లి ఉంది.

ఇలాంటి బట్టని వ్యాపారంలో నావెల్టీ ప్రింట్ అంటారు. చూడగానే ‘అరె, భలే ఉందే’ అనిపించి నాలుగు మాటలు మాట్లాడించే గుడ్డ. ఏప్రన్, సంచి, పిల్లల పైజామా, కుక్క మెడకి కట్టే గుడ్డ... వీటికోసం కొంటారు. క్విల్టింగ్ కాటన్ అయితే పన్నా సుమారు 44 అంగుళాలు. అందులో ఒక చిన్న చదరం గీసి, దాన్నే పైకీ కిందకీ పక్కకీ అతుకు తెలియకుండా రిపీట్ చేయాలి. నాకు ఈ అతుకు పిచ్చి పెడనలో పట్టుకుంది. మా పెదనాన్న కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కేవాడు. అచ్చు పక్కన అచ్చు పడేటప్పుడు తీగ తెగకూడదు, అంతే ఆయన చెప్పిన పాఠం. ఇప్పుడు నా తీగ స్థానంలో కొత్తిమీర కాడ ఉంది.

టాకో బట్టలో ఇంకో తమాషా ఉంది. బొమ్మలన్నీ ఒకే వైపు నిలబడితే కుట్టేటప్పుడు గుడ్డ వృథా అవుతుంది. అందుకే చాలామంది బొమ్మల్ని విసిరేసినట్టు అటొకటి ఇటొకటి తిప్పి గీస్తారు. అప్పుడు సగం టాకోలు తలకిందులుగా ఉంటాయి. అయినా ఒక్క మాంసం ముక్క కిందపడదు, ఒక్క చుక్క సాస్ కారదు. గుడ్డ మీద టాకో అంత బుద్ధిమంతురాలు భూమ్మీద ఇంకెక్కడా లేదు.

కిందటేడు నాకొక ఆర్డర్ వచ్చింది. తెలుగు అమ్మాయే, ఊళ్లోనే ఉంటుంది. వాళ్ల పాపకి రెండో పుట్టినరోజు. ఇక్కడ రెండో పుట్టినరోజుకి ‘టాకో టూస్‌డే’ అని ఒక థీమ్ నడుస్తోంది. మంగళవారం టాకోలు తినే అలవాటు పేరు టాకో ట్యూస్‌డే కదా, అందులో ‘టూ’ అంటే రెండేళ్లు. పాపకి టాకోలు ప్రింట్ చేసిన గుడ్డతో లంగా జాకెట్ కుట్టించాలి. అంచుకి జరీ ఉండాలట. ఇంకేం కావాలో లిస్ట్ వాట్సాప్‌లో పెట్టింది: టాకోలు, నాగజెముడు మొక్కలు, వెడల్పాటి మెక్సికన్ టోపీలు, మీసాలు.

ముందు నేను టాకోని నాకు తెలిసినట్టు గీశాను. ఇర్వింగ్‌లో సందు సందుకీ టాకో బళ్లున్నాయి, మోడల్‌కి కొదవ లేదు. చిన్న మొక్కజొన్న టోర్టియా, పైనుంచి చూసినట్టు గుండ్రంగా, మీద సన్నగా తరిగిన మాంసం, ఉల్లిపాయ, కొత్తిమీర, పక్కన నిమ్మబద్ద. వాటర్‌కలర్ లుక్. నాకైతే నచ్చింది. ఆ అమ్మాయి చూసి, ‘‘అక్కా, చాలా బాగుంది... కానీ ఊతప్పాల్లా ఉన్నాయి’’ అంది.

నిజమే. బుజ్జి ఊతప్పాలే. ఉల్లిపాయ, కొత్తిమీర కూడా సరిపోయాయి.

తర్వాత పసుపుపచ్చ పెంకు గీసి పంపాను. ‘‘ఆఁ, ఇప్పుడు టాకో’’ అంది. అదే బొమ్మని పెడనకి పంపితే మా పెదనాన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు: ‘‘కజ్జికాయలు బాగా గీశావమ్మా. మూతి సరిగ్గా మూయలేదే?’’

ఒక తిండి అసలు రూపం గీస్తే ఎవరూ గుర్తుపట్టకపోవడం, దాని ఫ్యాక్టరీ రూపం గీస్తే వెంటనే గుర్తుపట్టడం నాకు నచ్చలేదు. అలా మొదలైంది ఈ చదువు.

టాకో కథ మొక్కజొన్నతో మొదలుపెట్టాలి. దాదాపు 9000 ఏళ్ల కిందట నైరుతి మెక్సికోలో, తియోసింటే అనే అడవి గడ్డి నుంచి మనుషులు మొక్కజొన్నని తయారుచేసుకున్నారు. గింజని పిండి చేస్తే చాలదని కూడా వాళ్లే కనిపెట్టారు. గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగేసి రుబ్బుతారు. దీన్ని నిష్టమల్ అంటారు. మన ఇంట్లో ఉన్న మొక్కజొన్న పిండితో రొట్టె తట్టి చూడండి, అంచులు పగిలిపోతాయి, మడిస్తే ముక్కలవుతుంది. సున్నం తగిలిన పిండి ముద్దలా సాగుతుంది, పల్చటి టోర్టియాగా ఒత్తుకోవచ్చు, మడవచ్చు. అంటే టాకోకి ఆ మడత ఇచ్చింది చిటికెడు సున్నం. తాంబూలంలో మన తాతమ్మలు రాసుకున్న లాంటి సున్నమే.

ఈ సున్నం ఇంకో పని కూడా చేస్తుంది. గింజలో బిగుసుకుని ఉండే నియాసిన్ అనే విటమిన్‌ని ఒంటికి పట్టేలా విడగొడుతుంది. యూరప్ వాళ్లు మొక్కజొన్నని ఓడల్లో తీసుకెళ్లారు కానీ, సున్నం పద్ధతిని అక్కడే వదిలేశారు. దాంతో ఇటలీలో, తర్వాత అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, మొక్కజొన్న మీదే బతికిన పేదలకి పెలాగ్రా జబ్బు వచ్చింది. చర్మం పొలుసులు లేచి, మతి చలించి, వేలమంది పోయారు. వంటింటి చాదస్తం అనుకుని వదిలేసిన పని అంత పని చేసింది.

టోర్టియాలో ఏదో ఒకటి చుట్టుకుని తినడం ఆ నేలకి ఎంత పాతదో చెప్పనక్కర్లేదు. ‘టాకో’ అనే పేరు మాత్రం అంత పాతది కాదు. ‘ప్లానెట్ టాకో’ అనే పుస్తకం రాసిన చరిత్రకారుడు జెఫ్రీ పిల్చర్ ఊహ ఏంటంటే, ఇది 18వ శతాబ్దపు వెండి గనుల్లోంచి వచ్చిన మాట. రాయి పేల్చడానికి మందుగుండుని కాగితంలో చుట్టి, రాతి రంధ్రంలో కూరేవాళ్లు. ఆ చుట్టని టాకో అనేవాళ్లట. టోర్టియాలో కూర, పైన ఘాటైన సాస్... గని కూలీకి రెండూ ఒకేలా కనిపించి ఉంటాయి. ‘గని కూలీల టాకోలు’ అనే పేరు తర్వాత రికార్డుల్లో కూడా కనిపిస్తుంది. ఇది రుజువైపోయిన సంగతి అని పిల్చర్ కూడా అనడు. నాకు మాత్రం ఈ కథ నచ్చింది. మీసాల టాకో బొమ్మలు గీసేవాళ్లలో ఒక్కరైనా డైనమైట్ చుట్ట గీసి ఉంటే కొనేదాన్ని.

మెక్సికోలో టాకో ఎప్పుడూ ఒకే దగ్గర ఆగలేదు. ఒట్టోమాన్ సామ్రాజ్యం కూలే రోజుల్లో లెబనాన్ వైపు నుంచి చాలామంది మెక్సికోకి వలస వచ్చారు. ప్వెబ్లా నగరంలో 1930లలో వాళ్లు నిలువు కడ్డీకి మాంసం గుచ్చి కాల్చి, తమ రొట్టెలో చుట్టి అమ్మారు. పేరు ‘అరబ్బు టాకో’. ఆ తర్వాతి తరం రొట్టె బదులు మొక్కజొన్న టోర్టియా పెట్టింది, పంది మాంసానికి ఎండుమిర్చి, అచియోటే గింజల ఎర్రటి ముద్ద పట్టించింది, మీద అనాసపండు ముక్క చెక్కి వేసింది. అదే ఇవాళ మెక్సికో సిటీ గర్వంగా చెప్పుకునే అల్ పాస్తోర్. హైదరాబాద్‌లో సాయంత్రం మీరు తినే షవర్మా కడ్డీకీ దీనికీ చుట్టరికం ఉంది. ‘అసలు సిసలు మెక్సికన్’ అని ఎవరైనా గొంతు పెంచినప్పుడు నాకు ఈ అరబ్బు టాకో గుర్తొస్తుంది.

2024 మే నెలలో మెక్సికో సిటీలోని ఎల్ కలీఫా దె లియోన్ అనే టాకో కొట్టుకి మిషెలిన్ స్టార్ వచ్చింది. 1968 నుంచి నడుస్తోంది. కూర్చోడానికి చోటు లేదు, నిలబడి తినాలి. సన్నగా కోసిన గొడ్డుమాంసం, ఉప్పు, నిమ్మరసం, టోర్టియా. అంతే. దీన్ని గుడ్డ మీద ఎలా గీస్తారు? ఒక గోధుమరంగు మచ్చ మీద ఇంకో గోధుమరంగు మచ్చ.

ఇక ఆ పసుపుపచ్చ పెంకు సంగతి. అది అమెరికన్ కంపెనీల మోసం అనేసి తేలిగ్గా తీసిపారేయొచ్చు. నేనూ అలాగే అనేద్దాం అని చదవడం మొదలుపెట్టాను. కథ అలా లేదు. టోర్టియాని మడిచి నూనెలో వేయించడం మెక్సికన్ ఇళ్లలో ఉన్న పనే. మెక్సికో నుంచి న్యూయార్క్ వచ్చి రెస్టారెంట్ పెట్టుకున్న హువెన్సియో మల్దొనాదో అనే ఆయన, ఒకేసారి చాలా టోర్టియాలు మడిచి వేయించే పరికరం తయారుచేసి, 1950లో దానికి పేటెంట్ తెచ్చుకున్నాడు. చేతులు కాలకుండా, హోటల్ గిరాకీకి సరిపడేలా చేసుకున్న ఏర్పాటు అది.

కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 1937 నుంచి మిట్లా కఫే అనే హోటల్ ఉంది, ఇప్పటికీ ఉంది. లూసియా రోడ్రిగెస్ అనే ఆవిడ మొదలుపెట్టింది. అక్కడ గట్టి పెంకు టాకోలు ఫేమస్. 1950ల మొదట్లో ఆ హోటల్ ఎదురుగా గ్లెన్ బెల్ అనే కుర్రాడు హాట్‌డాగ్‌లు, బర్గర్లు అమ్మేవాడు. ఎదురింటి లైన్ చూశాడు. వెళ్లి తిన్నాడు, మళ్లీ మళ్లీ తిన్నాడు, ఎలా చేస్తారో కనుక్కున్నాడు. పెంకులు ముందే వేయించి పెట్టుకుంటే, ఆర్డర్ రాగానే నింపి ఇచ్చేయొచ్చని తేల్చుకున్నాడు. 1962లో డౌనీ అనే ఊళ్లో తన ఇంటిపేరుతో మొదటి టాకో బెల్ తెరిచాడు. ‘టాకో యూఎస్ఏ’ రాసిన గుస్తావో అరెయానో ఈ మిట్లా కఫే కథని బాగా వెలుగులోకి తెచ్చాడు.

నన్ను ఆపేసిన విషయం వేరు. అదే శాన్ బెర్నార్డినోలో మున్సిపల్ స్విమ్మింగ్ పూల్‌లోకి మెక్సికన్ సంతతి పిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు. దాని మీద కేసు వేసినవాళ్లు మీటింగులు పెట్టుకున్నది మిట్లా కఫేలోనే. 1944లో ఫెడరల్ కోర్టు వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది. దాన్నిబట్టి చూస్తే, ఆ హోటల్ టాకో మీద ఊరికి మోజు పెరగడానికి కొన్నేళ్ల ముందు వరకు ఆ హోటల్ వాళ్ల పిల్లలు ఊరి నీళ్లలో దిగడానికి లేదు.

కాబట్టి పెంకు మీద నాకు కోపం పోయింది. అదీ వలస వచ్చినవాళ్ల చేతుల్లో పుట్టిందే. విరగకుండా పెట్టెల్లో సర్దుకుంటుంది, నిటారుగా ఫొటోకి నిలబడుతుంది, ఎమోజీలో ఇముడుతుంది. దాని అదృష్టం అది. అన్నట్టు టాకో బెల్ 2007లో మెక్సికోలోని మోంతెర్రేలో షాపు తెరిచినప్పుడు ఈ గట్టి పెంకుని టాకో అని పిలవలేదు. ‘టాకోస్తాదా’ అని కొత్త పేరు పెట్టింది. మూడేళ్లు తిరక్కుండానే మూసేసింది.

నాకు పేచీ మిగిలింది మీసాలతో.

ఈ మీసం, టోపీ, నాగజెముడు సెట్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే 1940, 50ల నాటి అమెరికన్ వంటింటి టేబుల్‌క్లాత్‌లు చూడాలి. పాత వస్తువుల మార్కెట్లో ఇప్పటికీ దొరుకుతాయి. నాగజెముడు కింద, పెద్ద టోపీ ముఖం మీదికి లాక్కుని, మోకాళ్లు ముడుచుకుని నిద్రపోయే మనిషి. రంగులు మాత్రం అద్భుతం. పని దొంగ, సోమరి అని చెప్పకుండానే చెప్పే బొమ్మ. అదే కాలంలో మెక్సికన్ కూలీలు లక్షల్లో వచ్చి అమెరికా పొలాల్లో నడుం విరిగేలా పనిచేస్తున్నారు. తర్వాత 1967లో ఫ్రిటోస్ చిప్స్ ప్రకటనల్లో ‘ఫ్రిటో బాండిటో’ అని ఒక కార్టూన్ వచ్చింది. పెద్ద టోపీ, పెద్ద మీసం, రెండు తుపాకులు, జనం దగ్గర చిప్స్ దోచుకోవడం. మెక్సికన్ అమెరికన్ సంఘాలు గొడవ చేస్తే 1970ల మొదట్లో ఆపేశారు. దొంగ పోయాడు. మీసం మిగిలింది. ఇప్పుడది టాకోకి అతుక్కుంది.

మా అపార్ట్‌మెంట్లో కింది ఫ్లోర్‌లో ఒక పెద్దావిడ ఉంటుంది. వాళ్లది త్లాస్కాలా రాష్ట్రం, మెక్సికో సిటీకి తూర్పున. కుట్టుమిషన్ దగ్గర మాకు స్నేహం. నన్ను ‘మీహా’ అంటుంది, మన ‘అమ్మాయీ’ లాగా. నేను ‘సెన్యోరా’ అంటాను. ఆ మీసాల డ్రాఫ్ట్ చూపించి ‘‘మీకేమైనా ఇబ్బందిగా ఉంటుందా?’’ అని అడిగాను. పెద్దగా పట్టించుకోలేదు. ‘‘నా భర్తకి మీసమే లేదు’’ అంది. కాసేపయ్యాక మాత్రం తన కోడలి సంగతి చెప్పింది. ఆమె టెక్సాస్‌లోనే పుట్టింది. చిన్నప్పుడు స్కూల్లో టాకోని కాగితం సంచిలోంచి బయటికి తీయకుండా, సంచితో సహా నోటి దగ్గర పెట్టుకుని తినేదట. ‘‘ఇప్పుడు అదే స్కూల్లో మంగళవారం టాకోలు పెడతారు. మా మనవడు తినడు. పెంకు గుచ్చుకుంటుందట’’ అని నవ్వింది.

ఆ సాయంత్రం పాప తల్లికి ఫోన్ చేశాను. మీసాలూ టోపీలూ తీసేస్తానన్నాను.

‘‘అయ్యో, ఎందుకక్కా? మీసాలు క్యూట్‌గా ఉంటాయి కదా.’’

‘‘రేపు మీ పాప డేకేర్‌లో ఎవరో ఇండియన్ థీమ్ అని, తలపాగా, మీసం, బుట్టలో పాము ఉన్న గుడ్డతో గౌను కుట్టించుకొస్తే నీకెలా ఉంటుంది?’’

కాసేపు ఏమీ అనలేదు. ‘‘పాము ఉంటే బాగోదు’’ అంది చివరికి. తర్వాత, ‘‘సరే అక్కా, తీసేయండి. కానీ కేక్ ఆర్డర్ అయిపోయింది. కేక్ మీద మీసం ఉంది మరి.’’

కేక్ నా శాఖ కాదు. గుడ్డ మీద పసుపు పెంకులు, నిమ్మబద్దలు, పచ్చిమిరపకాయలు, అవకాడోలు, మధ్యమధ్యలో పాపెల్ పికాదో వేశాను. అంటే పండగకి దండగా కట్టే, కత్తిరించిన రంగు కాగితాల తోరణం. మన పెళ్లి పందిట్లో కట్టే రంగు కాగితాలకి దగ్గరగా ఉంటుంది. లంగా బాగా వచ్చింది. జరీ అంచు కూడా నప్పింది, నేనే ఆశ్చర్యపోయాను.

ఇంతా చేసి ‘టాకో ట్యూస్‌డే’ అనే మాట గుడ్డ మీద వేయడానికి కొన్నాళ్ల కిందటి దాకా డిజైనర్లు భయపడేవాళ్లు. ఆ రెండు మాటల మీద 1989 నుంచి టాకో జాన్స్ అనే చైన్‌కి ట్రేడ్‌మార్క్ ఉండేది. బాస్కెట్‌బాల్ స్టార్ లెబ్రాన్ జేమ్స్ 2019లో తన పేర రాయించుకోబోతే, ఇది అందరూ వాడే మాట అని ఆఫీసు తిప్పికొట్టింది. 2023లో టాకో బెల్ పిటిషన్ వేసింది, టాకో జాన్స్ వదులుకుంది. న్యూజెర్సీలో మాత్రం ఇంకో రెస్టారెంట్ చేతిలో ఉండేది, అదీ ఆ ఏడాదే పోయింది. రొట్టెలో కూర చుట్టుకోవడం ఒకరిది, వారం రోజు ఇంకొకరిది, లాయర్లు మాత్రం అందరి తరఫునా ఉన్నారు.

పెద్దావిడకి పూర్తయిన గుడ్డ చూపించినప్పుడు ‘‘తాకో దె ఓహో’’ అంది. కంటికి టాకో. మెక్సికోలో వాడుక మాట. తినడానికి కాకుండా ఊరికే చూసి ఆనందించేదాన్ని అలా అంటారు. ఎక్కువగా అందమైన మనుషుల గురించే వాడతారని చెప్పి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత లోపలికెళ్లి ఒక గుడ్డ తెచ్చింది. ‘‘మీరు గుడ్డ మీద టాకో వేస్తున్నారు. మా ఇంట్లో టాకో మీద గుడ్డ వేసేవాళ్లం.’’

తెల్లటి చదరపు గుడ్డ. చుట్టూ క్రోషే అంచు. ఒక మూల ఎర్రదారంతో కుట్టిన పిట్ట. దీన్ని సెర్వియేటా అంటారు. వేడి టోర్టియాలు ఆరిపోకుండా ఇందులో చుట్టి బుట్టలో పెడతారు. వాళ్ల నాన్న మెక్సికో సిటీలో సైకిల్ మీద బుట్ట టాకోలు అమ్మేవాడు. తెల్లవారుజామున ఇంట్లో లేచి బంగాళదుంప, చిక్కుడుగింజలు, పంది చర్మం వేపుడు కూరలు చేసి, టోర్టియాల్లో మడిచి, బుట్టలో వరసలుగా పేర్చేవాళ్లు. బుట్టలో ముందు నీలం ప్లాస్టిక్ షీట్, దాని మీద కాగితం, గుడ్డ. పైనుంచి మసాలా కాచిన వేడి నూనె పోసి, మూటకట్టేస్తారు. ఆ ఆవిరికి లోపల అవి మెత్తబడతాయి. అందుకే వీటికి ‘చెమట టాకోలు’ అని ఇంకో పేరు. త్లాస్కాలా నుంచి అలా సైకిళ్ల మీద బతికిన ఊళ్లున్నాయి.

నాకు వెంటనే డిజైన్ కనిపించింది. సైకిల్, బుట్ట, నీలం, తెల్లగుడ్డ, ఎర్ర పిట్ట. టాకో అసలు కనిపించనే కనిపించని టాకో ప్రింట్. ఆ పిట్ట ఫొటో తీసుకోవచ్చా అని అడిగాను.

‘‘సైకిల్ గీసుకో. బుట్ట గీసుకో. పిట్ట వద్దు, మీహా. అది మా అమ్మ పిట్ట.’’

ఎందుకని అడగలేదు. నాకు తెలుసు. మెక్సికోలో ఈ గొడవ చిన్నది కాదు. ఇదాల్గో రాష్ట్రంలో ఒతోమీ ఆడవాళ్లు కుట్టే తెనాంగో ఎంబ్రాయిడరీలో రంగురంగుల జంతువులూ పిట్టలూ ఉంటాయి. అవి అంతర్జాతీయ ఫ్యాషన్ బ్రాండ్ల గౌన్ల మీద తేలేవి. 2019లో మెక్సికో సాంస్కృతిక శాఖ కరోలినా హెరేరా సంస్థకి ఉత్తరం రాసి, ఏ హక్కుతో వాడారో చెప్పమంది. 2022 జనవరిలో మూలవాసుల సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే చట్టమే వచ్చింది. టాకో అందరిదీ అయిపోయింది, తిరిగి రాదు. పిట్ట ఇంకా ఇళ్లలోనే ఉంది.

మా వైపు కథ ఇంకోలా ఉంటుంది. 17, 18 శతాబ్దాల్లో కోరమాండల్ తీరపు అద్దకం పనివాళ్లకి డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు నమూనాలు పంపేవి. మనవాళ్లు ఎన్నడూ చూడని పూలు, ఎన్నడూ చూడని చెట్లు కలంతో గీసి పంపారు. ఇక్కడి నూలు బట్ట కొంత మనీలా దాకా వెళ్లి, అక్కడ ఓడలెక్కి మెక్సికోలోని అకపుల్కో రేవులో దిగేది. ఆ ఓడలు 1565 నుంచి 1815 దాకా నడిచాయి. స్పానిష్‌లో పూల అద్దకం నూలు బట్టకి ‘ఇండియానీయా’ అనే పేరు అలాంటి వ్యాపారాల్లోంచి వచ్చిందే. వాళ్ల గుడ్డకి మన పేరు, మన వంటకి వాళ్ల మిరపకాయ. ఆ లెక్కన ఇంకొకరి బొమ్మ గీయడం మా ఇంటి వృత్తే అని నేను పెద్దావిడతో వాదించొచ్చు. మా పెదనాన్నకి ఫోన్లో చెప్తే ఆయన వేరే మాట అన్నాడు: ‘‘కంపెనీవాడు నమూనా పంపి చేయించుకున్నాడు. ఇంట్లోకొచ్చి ఎత్తుకెళ్లలేదు కదా, అది తేడా.’’ కాస్త ఆగి, ‘‘తర్వాత వాడి మిల్లుల్లో మనవే అచ్చేసుకున్నాడనుకో’’ అన్నాడు.

పిట్ట లేకుండానే గీశాను. సైకిల్ హ్యాండిల్‌కి వేలాడే సాల్సా డబ్బా, వెనక బుట్ట, మూట అంచు గాలికి లేచినట్టు. గుడ్డ మూల ఖాళీగా వదిలేశాను. సైట్‌లో పెట్టాక అది పెద్దగా అమ్ముడుపోలేదు. ‘టాకో’ అని వెతికితే టాకో పిల్లుల కింద ఎక్కడో వస్తుంది. వచ్చినా జనం సైకిల్ బొమ్మ అనుకుని దాటేస్తారు. పెద్దావిడ మాత్రం వంటింటి కిటికీకి రెండు గజాలు కావాలంది. డబ్బులు తీసుకోనంటే ఊరుకోలేదు.

శాంపిల్ వచ్చిన రోజు కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. సైకిల్ చక్రం బాగుందంది. మూట ముడి అలా వేయరు, ఇలా వేస్తారని తన గుడ్డతోనే కట్టి చూపించింది. నీలం మాత్రం ఆమెకి నచ్చలేదు. నేను వేసింది పెడన నీలిమందు రంగు, లోతుగా, కొంచెం నలుపు కలిసి ఉంటుంది.

‘‘ఇది చాలా అందంగా ఉంది. మా నాన్న ప్లాస్టిక్ ఇంత అందంగా ఉండేది కాదు. చవక నీలం వెయ్యి’’ అంది.